సంఘసేవకుని అడుగువారెవరు?

(ఒక జిల్లా కేంద్రమందలి పఠనమందిరమున జరిగిన సంఘసేవకుల వార్షిక సభలో చేసిన ఉపన్యాసము)



రైలులో ఎదుట కూర్చున్న పెద్దమనుష్యుడు మాట కలిపి, "తాము చేయు పని యేమి?" అని అడుగును. "సంఘసేవ" అని మనము బదులు చెప్పుదుము. "చాల మంచిది. మరి జీవనమునకో?" అని ఆయన మరల ప్రశ్నించును. మీలో ఈ ప్రశ్న విననివారు ఉండరు. నేను ముప్పదియేండ్లుగా వినుచున్నాను. మొదట కోపము వచ్చెడిది. కొంతకాలమునకు నవ్వు వచ్చెడిది. ఇప్పుడు ఆ రెండును రావు, ఆలోచన వచ్చుచున్నది. ఏలయన ఆ ప్రశ్నలో అవమానము లేదు. మన జాతికి సేవయందు గల గౌరవమే అందున్నది. సేవ అంగడిలో తూచి యమ్మెడి సరకు కాదని మన పెద్దల విశ్వాసము.

ఆ విశ్వాసమునకు ఆధారములును మన కన్నులయెదుటనే యున్నవి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు ప్రథమ వితంతు వివాహము జరిపించినపుడు ఆయనకు జీతమిచ్చినవారు లేరు. వెలివేసినవారు మాత్రము కలరు. పెండ్లి జరిపించుటతో ఆయన పని ముగియలేదు. ఆ దంపతులకు నీడ చూపవలెను, వెలికి వెరవక తోడునిలుచువారిని కూడగట్టవలెను, ధనము సమకూర్చవలెను. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. పంతులుగారి విద్యార్థులు అండనిలిచిరి. నేడు మన పాఠ్యగ్రంథములలో పెద్దపెద్ద పేర్లతో చెప్పబడు పనులన్నియు ఆ ఒక్క యింట ఆ దినములలోనే జరిగినవి. అట్టి చరిత్ర గల ప్రజలు, జీతము పుచ్చుకొని సేవ చేయువానిని చూచి ఒక్కక్షణము సందేహించుటలో వింత లేదు.

అయితే ఈ గౌరవమే నేడు మనకు రెండువైపుల పదునుగల కత్తియైనది. స్వచ్ఛందసేవకుడు మనలను చూచి, "వీరు కూలికి వచ్చినవారు" అనుచున్నాడు. కచేరీలోని అధికారి మనలను చూచి, "ఈ పని ఎవరైనను చేయవచ్చును, దీనికి చదువేల?" అనుచున్నాడు. ఒకరికి మనము తక్కువ త్యాగులము. మరొకరికి ఎక్కువ ఖర్చు. ఈ రెండు మాటల నడుమ మన వృత్తి నలుగుచున్నది. ఈ నలుగుబాటునుండి తప్పించుకొనుటకు మన వృత్తిసంఘము ఏమి చేయవలెనో చెప్పుటకే నేను నేడు మీ యెదుట నిలిచితిని.

సంఘసేవ వృత్తియా, కాదా యను తర్కము మనతో పుట్టినది కాదు. 1889లో చికాగో నగరమున జేన్ ఆడమ్స్ అను వనిత తన మిత్రురాలితో గూడి వలసకూలీల పేటలో హల్ హౌస్ అను సేవాగృహము తెరచెను. పేదలకు దూరమునుండి దానము విసరుట గాక, వారి వీధిలోనే కాపురముండి వారి కష్టములకు మూలమేమో తెలిసికొనుట ఆమె పద్ధతి. అట్టి కృషి నానాటికి వ్యాపించి, బడులును, పుస్తకములును పుట్టిన పిమ్మట, 1915లో బాల్టిమోరు నగరమున జరిగిన మహాసభయందు ఆబ్రహాము ఫ్లెక్స్నరు అను విద్యావేత్త లేచి, సంఘసేవ ఇంకను పూర్తిగా వృత్తి కాలేదని తేల్చిచెప్పెను. వైద్యునకును న్యాయవాదికిని ఉన్నట్లు దీనికి తనదియను గిరిగీసిన క్షేత్రము లేదనియు, ఇది తక్కిన వృత్తులను కలుపు మధ్యవర్తిత్వముగా కనబడుచున్నదనియు ఆయన వాదము. ఆ మాట సేవకుల గుండెలలో ముల్లువలె నాటుకొనెను. రెండేండ్లకు, 1917లో, మేరీ రిచ్మండ్ అను సేవకురాలు, ఒక కుటుంబపు కష్టమును ఎట్లు విచారించవలెనో, సాక్ష్యమును ఎట్లు తూచవలెనో క్రమముగా బోధించు గ్రంథము ప్రకటించెను. అయితే ఫ్లెక్స్నరు చెప్పిన మాటలలో జనులు మరచిన మాటయొకటి కలదు. బిరుదుకన్నను, గుర్తింపుకన్నను వృత్తిస్ఫూర్తియే తుదకు ముఖ్యమని ఆయన తన ఉపన్యాసమును ముగించెను. మనము మొదటి మాటకు నొచ్చుకొంటిమి గాని, కడపటి మాటను చెవినిబెట్టలేదు.

మన దేశమున 1936లో బొంబాయినగరమందు సర్ దొరాబ్జీ టాటా పేర సంఘసేవా పాఠశాల వెలసెను. నాగపాడా పేటలో కూలిజనుల నడుమ పనిచేయుచుండిన క్లిఫర్డ్ మాన్షార్ట్ అను అమెరికాదేశీయుడు దానికి తొలి యధ్యక్షుడు. 1944లో అది టాటా ఇన్స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అను పేరు దాల్చెను. 1952లో మదరాసున మేరీ క్లబ్‌వాలా జాదవ్ గారు సంఘసేవా పాఠశాల స్థాపించిరి. అప్పటికే మన రాజమహేంద్రవరపు బిడ్డ దుర్గాబాయమ్మగారు 1937లో మదరాసున ఆంధ్రమహిళాసభను నెలకొల్పి నడుపుచుండిరి. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమెయే ప్రథమాధ్యక్షురాలు. ఇట్లు స్వచ్ఛందసేవయు, తరిఫీదు పొందిన సేవయు మన దేశమున ఒక్క తరమందే, ప్రక్కప్రక్కనే పెరిగినవి. అవి అక్కచెల్లెండ్రు, సవతులు కావు. ఈ మాట ముందుగా చెప్పుచున్నాను, ఏలయన తరువాత నేను చెప్పబోవునది స్వచ్ఛందసేవకులను చిన్నబుచ్చుటకని యెవ్వరును తలపరాదు.

అయినను ఈ ఇద్దరికిని భేదము కలదు. ఆ భేదము జీతమందు లేదు; చదువునందును ముఖ్యముగా లేదు. ఎందున్నదో ఒక ఉదాహరణముతో విన్నవించెదను.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినది. పదివేలమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. దేశము నలుమూలలనుండి సేవకులు వచ్చిరి. శవములను దహనము చేసినవారు, గంజి కాచి పోసినవారు, గుడిసెలు కట్టియిచ్చినవారు ఎందరో. వారి ఋణము ఆంధ్రులు తీర్చుకొనలేరు. బియ్యపుబస్తా మోయుటకు హక్కుపత్రము అక్కరలేదు. మోయగల భుజమును, మోయవలెనను మనస్సును చాలును. కాని అట్టి విపత్తులలో మరొక విధమైన ప్రశ్న పుట్టును. తలిదండ్రులు పోయిన బిడ్డను ఎవరికి అప్పగింపవలెను? "నేను దీని మేనమామను" అని వచ్చినవాడు నిజముగా మేనమామయేనా? అయినను, ఆ బిడ్డ పేర వచ్చు పరిహారముకొరకు వచ్చెనా, బిడ్డకొరకు వచ్చెనా? భర్తను కోల్పోయిన యువతిని పుట్టింటికి పంపవలెనా, అత్తవారి భూమిలో ఆమెకు గల హక్కును నిలబెట్టి అచ్చటనే యుంచవలెనా? ఇచ్చట సేవకుడు బియ్యము పంచుట లేదు. ఒక మనుష్యుని భవిష్యత్తును పంచుచున్నాడు. ఇది దయ మాత్రము కాదు, అధికారము. అధికారము చేతబట్టినవాడు ఎంత దయాళువైనను, జవాబుదారి కాకతప్పదు. దయకు హక్కుపత్రము వలదు, అధికారమునకు వలయును. నేను చెప్పదలచిన సిద్ధాంతమంతయు ఈ రెండు ముక్కలలో నున్నది.

సోదరులారా! ఇది నేను పుస్తకములలో చదివి నేర్చినది కాదు. నా తప్పు నాకు నేర్పినది. ఆ తప్పును ఇన్నాళ్లకు ఈ సభలో ఒప్పుకొనుచున్నాను.

ముప్పదియేండ్ల క్రిందట నేను పట్టా పుచ్చుకొని, ఒక ప్రభుత్వ వైద్యశాలలో సోషల్ వర్కరుగా చేరితిని. ఆ వైద్యశాల పేరు ఇప్పుడు చెప్పి ప్రయోజనము లేదు, అట్టివి అనేకములున్నవి. చేరిన నెలనాళ్లకే నన్ను ఔట్ పేషెంటు చీటీలు వ్రాయు బల్లయొద్ద కూర్చుండబెట్టిరి. గుమాస్తా సెలవులో నున్నాడనియు, నాకు వేరే పని లేదు గదా యనియు చెప్పిరి. ఆ గుమాస్తా తిరిగి వచ్చుటకు ఏడాది పట్టెను. ఆ రోజులలో పురుగులమందు త్రాగిన ఒక వ్యవసాయకూలి యువతిని తెచ్చిరి. వైద్యులు రేయింబవళ్లు శ్రమించి ఆమెను బ్రతికించిరి. వారి కృషియందు లోపము లేదు. ఆరవనాడు ఆమెను ఇంటికి పంపుటకు కాగితము సిద్ధమైనది. ఆ కాగితము నా బల్లమీదికి వచ్చినది. ఆమె నా యెదుట నిలిచి, "బాబూ, ఇంకో నాలుగు రోజులు ఇక్కడే ఉండనీయండి" అని అడిగెను. వెనుక ఆమె భర్తయు, అత్తయు మూటలు పట్టుకొని నిలుచుండిరి. వారికి వెనుక వరుసలో డెబ్బదిమంది చీటీలకొరకు వేచియుండిరి.

ఆమె ఎందుకట్లు అడిగెనో విచారించుట నా వృత్తి. ఏకాంతముగా కూర్చుండబెట్టి మాటలాడుట, పుట్టింటికి కబురంపుట, అవసరమైనయెడల ఆశ్రయమునకు పంపుట, వైద్యునితో చెప్పి ఆ కాగితమును ఆపించుట, ఇవన్నియు నాకు నేర్పబడినవి. నేను ఇవేమియు చేయలేదు. కాగితముమీద ముద్ర వేసి, "మందులు వేళకు వేసుకో అమ్మా" అని పంపివేసితిని. మూడునెలలకు ఆమెను మరల తెచ్చిరి. ఆ పర్యాయము వైద్యులు చేయవలసినదేమియు లేకపోయినది.

నన్ను ఎవరును నిందింపలేదు. వైద్యశాల పుస్తకములలో నా పేరు ఎచ్చటను లేదు. నేను నా పని మాని చీటీలు వ్రాయుచున్నానని ఎవరికిని తెలియదు. ఆ బల్ల దగ్గర కూర్చుండనని నేను చెప్పినచో నా తరఫున నిలబడి మాటలాడు సంఘము లేదు. ఆ కాగితముపై ముద్ర ఏల వేసితివని నిలబెట్టి యడుగు సంఘమును లేదు. నన్ను కాపాడువారును లేరు. నన్ను అడుగువారును లేరు. నాటినుండి నేటివరకు ఆలోచించి చూడగా ఈ రెండు లేములును ఒక్కటేయని నాకు తోచినది. అడుగువారు లేని వృత్తిని కాపాడుటకు ఎవరును రారు. వైద్యుని తప్పునకు విచారణ కలదు, కనుకనే వైద్యుని పనికి మర్యాద కలదు.

ఇక నేటి స్థితిని చూతము. ప్రభుత్వ శాసనములు మన చేతులలో అధికారము పెట్టుచునే యున్నవి. 1958నాటి నేరస్థుల ప్రొబేషను చట్టము ప్రకారము ప్రొబేషను అధికారి ఇచ్చు నివేదికనుబట్టి ఒక యువకుడు చెరసాలకు పోవుటయో, ఇంటికి పోవుటయో నిర్ణయము కావచ్చును. 1984నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టము సలహాదారులకు చోటు కల్పించినది. 2015లో కేంద్రప్రభుత్వము సఖీ కేంద్రములను తెరచు పథకము ఆరంభించినది. దెబ్బలు తిన్న స్త్రీ ప్రప్రథమముగా చూచు ముఖము అచ్చటి సేవకురాలిదే. ఆ సంవత్సరమే చేసిన బాలన్యాయ చట్టము, నేరారోపణ పొందిన బాలుని విచారించు మండలిలో మేజిస్ట్రేటు ప్రక్కన ఇద్దరు సంఘసేవకులను కూర్చుండబెట్టినది. వారిలో ఒకరైనను స్త్రీ కావలెనన్నది.

ఈ చట్టములోని ఒక విచిత్రమును మీ దృష్టికి తెచ్చుచున్నాను. ఆ మండలిలో కూర్చుండదగిన సంఘసేవకుడెవరు? బాలల ఆరోగ్య, విద్యా, సంక్షేమ కార్యములలో ఏడేండ్లు పాటుపడినవాడైనను కావలెను. లేదా బాలల మనశ్శాస్త్రము, మానసిక వైద్యము, సమాజశాస్త్రము, న్యాయశాస్త్రము వీనిలో పట్టముపొంది వృత్తి సాగించువాడైనను కావలెను. సంఘసేవకుని పదవికి నాలుగు శాస్త్రముల పేర్లు చెప్పిన శాసనకర్తలకు సంఘసేవాశాస్త్రము పేరు మాత్రము జ్ఞప్తికి రాలేదు! వారిని నిందించుటకు ముందు మనలను మనము నిందించుకొనవలెను. ముసాయిదా నడుచునాడు ద్వారమువద్ద నిలిచి, "అయ్యా, మా పేరు మరచితిరి" అని చెప్పగల బలమైన సంఘము మనకు లేకపోయినది.

శాసనము తలచుకొన్నచో అర్హతను స్పష్టముగా చెప్పలేకపోదు. 2017నాటి మానసిక ఆరోగ్యరక్షణ చట్టము, మానసిక వైద్యరంగమందలి సోషల్ వర్కరునకు ఏ చదువు, ఏ తరిఫీదు ఉండవలెనో నిర్వచించినది. 2021లో వైద్య అనుబంధ వృత్తులకై చేసిన చట్టము, వైద్యశాలలలో పనిచేయు సోషల్ వర్కరులను తన పట్టికలో చేర్చి, వారి పేర్లు నమోదు చేయుటకు మార్గము తెరచినది. సంతోషమే. కాని బడిలో, జైలులో, అనాథాశ్రమములో, మురికివాడలో, గిరిజన గూడెములో పనిచేయు సేవకుని మాటయేమి? ఆయనకు అట్టి పట్టిక లేదు. ఒక్క వృత్తి వైద్యశాల గోడకు ఇవతల ఒకటిగాను, అవతల మరొకటిగాను చీలిపోవు ప్రమాదము కలదు.

శాసనముల సంగతి అట్లుండగా ఉద్యోగముల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. పదునొకండు నెలల కాంట్రాక్టు. పండ్రెండవ నెలలో పునర్నియామకమగునో కాదో తెలియదు. పథకము మారినచో పదవి పోవును. తన బ్రతుకే వచ్చే ఏడాది యెట్లుండునో యెరుగనివాడు ఇతరుల బ్రతుకులను నిలబెట్టవలెను! పై యధికారిని ఎదిరించి "ఈ బిడ్డను ఆ యింటికి పంపరాదు" అని వ్రాయుటకు వానికి ధైర్యమెట్లు కలుగును? చేతిలో కలము ఉన్నను, కలము పట్టిన చేయి వణకుచున్నది. కళాశాలల విషయము ఇంకను దుఃఖకరము. తరగతిలో పాఠము ఎంతయో, క్షేత్రములో అనుభవజ్ఞుని పర్యవేక్షణక్రింద పని అంత. అది వదలి, సంతకముల పుస్తకము నింపి పంపువారు కలరు. ఈత పుస్తకములో చదివినవానిని గోదావరిలోనికి దింపుట వంటిది ఇది. మునుగునది వాడు గాదు, వాని చేయి పట్టుకొన్నవాడు.

ఇంగ్లండు దేశమున జరిగిన ఒక సంగతి చెప్పెదను. 1973లో ఏడేండ్ల బాలిక యొకతె సవతితండ్రి చేతిలో మరణించెను. ఆమెను ఆ యింటికి తిరిగి పంపినది అధికారులే. ఇరుగుపొరుగువారు, బడివారు మొరపెట్టిరి కూడ. బహిరంగ విచారణ జరిగి, మరుసటి యేట నివేదిక వెలువడెను. సంఘసేవకులపై దేశమంతయు ఆగ్రహించినది. తరువాతను అట్టి విషాదములు జరిగినవి; విచారణలును జరిగినవి. వాని ఫలములలో ఒకటిగా, 2005నుండి ఆ దేశమున పేరు నమోదు కానివాడు "సోషల్ వర్కర్" అను బిరుదు ధరించుట నేరమైనది. తప్పు చేసినవాని పేరు ఆ పట్టికనుండి తొలగించు అధికారము నేర్పడినది. పట్టిక వచ్చినంతమాత్రమున బిడ్డలందరును రక్షింపబడిరని నేననుట లేదు. కాని బిడ్డ చనిపోయినపుడు "ఎవరు చూచిరి? ఏమి వ్రాసిరి? ఏల వ్రాసిరి?" అని అడుగుటకు అచ్చట ఒక పీఠము కలదు. నేను పంపివేసిన ఆ యువతి విషయమున అడుగుటకు ఇచ్చట ఏ పీఠమును లేకపోయినది.

ఇక మన సంఘముల మాట. అమెరికాలో 1955లో ఏడు సంస్థలు తమ తమ జెండాలు దించి ఒక్క జాతీయసంఘముగా ఏకమైనవి. బ్రిటనులో 1970లో అనేకశాఖల సేవకులు కలిసి ఒక్క సంఘము నేర్పరచుకొనిరి. మన దేశమునను 1960 ప్రాంతములలో తరిఫీదు పొందిన సంఘసేవకులకు అఖిలభారత సంఘము వెలసెను. కొన్ని దశాబ్దములు నడచి నీరసించెను. 2005లో మరల ఢిల్లీలో జాతీయసంఘమొకటి పుట్టి, సమ్మేళనములు జరుపుచు, మన వృత్తికి పరిషత్తు కావలెనని కోరుచున్నది. అట్టి పరిషత్తుకై శాసనపు ముసాయిదాలు 1990లనుండి తిరుగుచునే యున్నవి. నర్సులకు 1947లోనే పరిషత్తు వచ్చినది. న్యాయవాదులకు 1961లో వచ్చినది. ఒకనాడు నర్సుపనిని లోకము ఎంత చులకనగా చూచెనో మీకు తెలియును. పరిషత్తు వచ్చినది, పట్టిక వచ్చినది, తరిఫీదుకు కొలత వచ్చినది. మర్యాద వాని వెంట వచ్చినది.

మనకు ఏల రాలేదు? ప్రభుత్వము వినలేదనుట సులభము. నేను మరొక కారణము చెప్పెదను, మన్నింపుడు. మన సంఘములు ఏడాదికొకసారి మేల్కొనును. వేదిక, పూలదండలు, జ్ఞాపిక, సంచిక, ఫొటో, విందు. మరునాడు తలుపునకు తాళము. సభ్యత్వము ధ్రువపత్రము కావలసినవాడు చేరును, వచ్చినపిదప మరచును. కార్యవర్గములో బోధించువారు నిండియుందురు. గూడెములో తిరుగువాడు వెనుక బల్లమీద కూర్చుండును. మన నీతినియమావళి ఇంగ్లీషులో అచ్చుపడి బీరువాలో నున్నది. ఎవరి హితమునకై అది వ్రాయబడినదో, ఆ తల్లి దానిని చదువలేదు. చదివించి వినిపించినవారును లేరు. తీర్మానములలో మొదటిది జీతము, రెండవది పదోన్నతి, మూడవది గుర్తింపు. సేవ పొందువాని పేరు పదవ తీర్మానములోనైనను కనబడదు. ఇట్టి సంఘమును చూచి శాసనకర్త, "వీరును తమకొరకే అడుగుచున్నారు" అనుకొనినచో తప్పెవరిది?

జీతము అడుగవలదని నా భావము కాదు. ఆకలిగొన్న సేవకుడు అన్యాయమునకు త్వరగా లొంగును. కాని జీతమునకును జవాబుదారికిని ఒక్క తాటిమీద ముడివేసి అడుగవలెను. "మమ్ములను పరీక్షింపుడు, తప్పుచేసిన శిక్షింపుడు, అందుకు తగిన రక్షణమును, వేతనమును ఇండు" అని అడిగినవాని గొంతునకు బలముండును.

ఇచ్చట ఒక బలమైన ఆక్షేపణ కలదు. దానిని దాటిపోవుట నాకిష్టము లేదు. "పరిషత్తు వచ్చినచో పట్టా లేనివారిని వెళ్లగొట్టుదురు. పల్లెలో ఇరువదియేండ్లుగా వెట్టిచాకిరి విడిపించుచున్న ఆ హరిజన సోదరుడు, చదువు ఏడవ తరగతితో ఆగిన ఆ మహిళాసంఘపు అక్క, వీరు రేపు నేరస్థులగుదురా? సేవను నలుగురి సొత్తుగా నుంచక, పట్టాదారుల గుత్తగా చేయుదురా?" అని కొందరు పెద్దలు అడుగుచున్నారు. ఈ భయము నిరాధారము కాదు. అట్టి శాసనము వచ్చెనేని దానిని ఎదిరించువారిలో నేను ముందుందును. ఆ అక్కకు తెలిసిన ఊరు మన పట్టాదారులకు తెలియదు.

కాని నేను మొదట చెప్పిన భేదమును తలచుకొనుడు. శాసనము దయను తాకరాదు. అధికారమును మాత్రమే తాకవలెను. ఊరిని సంఘటితపరచుట, ఆకలికి అన్నము పెట్టుట, వెట్టిని ఎదిరించుట, మాటసాయము చేయుట, ఇవి ప్రతి మనుష్యుని హక్కు. న్యాయస్థానమునకు నివేదిక వ్రాయుట, బిడ్డను ఒక యింటినుండి తీసి మరొక యింట పెట్టుమని సిఫారసు చేయుట, మానసికరోగి విడుదలకు సలహా చెప్పుట, స్త్రీ తన ప్రాణభయమును చెప్పుకొన్న రహస్యమును భద్రపరచుట, ఇవి చేయువారు మాత్రము పట్టికలో నుండవలెను. వారిలోను అనుభవముచేత అర్హులైనవారికి పరీక్షచేసి ద్వారము తెరువవలెను. ద్వారమున ఒక కాపరి యుండవలెనుగాని గోడ యుండరాదు.

కాపరి యనగానే మన దుర్గాబాయమ్మగారి బాల్యమందలి కథ జ్ఞప్తికి వచ్చుచున్నది. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభ జరిగినపుడు, పదునాలుగేండ్ల ఆ బాలిక ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమువద్ద స్వచ్ఛందసేవకురాలు. టిక్కెట్టు లేనివారిని పోనీయవలదని ఆజ్ఞ. జవహర్లాలు నెహ్రూగారు వచ్చిరి, టిక్కెట్టు లేదు. ఆమె ఆయనను నిలిపివేసెను. పెద్దలు టిక్కెట్టు కొని తెచ్చిన తరువాతనే లోనికి విడిచెను. ఆ బిడ్డకు జీతము లేదు, పట్టా లేదు. కాని తనకు అప్పగింపబడిన నియమము ఎంతవారియెడలను ఒక్కటేయని ఆమెకు తెలియును. వృత్తిస్ఫూర్తి యనగా అదియే. త్యాగమునకును నియమమునకును విరోధము లేదని అంతకన్న సులభముగా ఎవరు చెప్పగలరు?

కాన ఢిల్లీనుండి శాసనము వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండక, మన జిల్లాసంఘము తనకు తానుగా చేయదగిన పనులు అయిదు విన్నవించుచున్నాను.

మొదటిది, పట్టిక. జిల్లాలో ఈ వృత్తి చేయువారెవరు, ఏ తరిఫీదు పొందిరి, ఎచ్చట పనిచేయుచున్నారు అను వివరములు వ్రాసి, ఈ పఠనమందిరమున అందరును చూచునట్లు ఉంచుదము. రెండవది, నియమావళి. ఒక్క పుటకు మించకుండ, తేట తెలుగులో, "మీ రహస్యము బయటపెట్టను, మీకు తెలియకుండ మీ విషయమున నిర్ణయము చేయను, మీయొద్ద కానుక పుచ్చుకొనను" అను రీతిని వ్రాసి, మనము పనిచేయు ప్రతి గదిలోను గోడకు తగిలింతము. మూడవది, విచారణసంఘము. మనపై వచ్చిన ఫిర్యాదులను వినుటకు అయిదుగురుండవలెను. అందు ఇద్దరు మన వృత్తివారు కాక, మన సేవ పొందినవారై యుండవలెను. నాలుగవది, అండ. ఏ సభ్యుడైనను నియమమునకు కట్టుబడి అధికారి యాగ్రహమునకు గురియైనచో, సంఘము వ్రాతపూర్వకముగా వాని పక్షమున నిలువవలెను. కాంట్రాక్టు పోయినచో మూడునెలలు వాని కుటుంబము గడచుటకు నెలనెల చందాతో ఒక నిధి కూర్చుకొనవలెను. అయిదవది, తోడు. క్రొత్తగా చేరిన ప్రతి సేవకునకు ఒక పెద్ద సేవకుని జతచేసి, నెలకొకసారి కూర్చుండబెట్టి, "ఈ నెల ఏ కాగితముపై సంతకము చేసితివి? ఏల చేసితివి?" అని అడిగింపవలెను.

ఇవి గొప్ప పనులు కావు. వీనికి మంత్రుల దర్శనము అక్కరలేదు, విరాళముల పిలుపు అక్కరలేదు. కాని అయిదేండ్లు నిజముగా చేసినచో, శాసనకర్తయెదుట మనము వట్టి చేతులతో నిలువము. "ఇదిగో మా పట్టిక, ఇదిగో మేము వినిన ఫిర్యాదులు, ఇదిగో మేమే తొలగించిన మా సభ్యుని పేరు" అని చూపగలము. తన తప్పును తానే విచారించుకొన్న వృత్తికి పరిషత్తు నిరాకరించుట ఏ ప్రభుత్వమునకును సులభము కాదు.

మిత్రులారా! ఆ రైలులోని పెద్దమనుష్యునికి నేను ఇంతవరకు సరియైన జవాబు చెప్పలేదు. "జీవనమునకో?" అని ఆయన ఇకమీద అడిగినచో, "అయ్యా, ఇదియే నా జీవనము. దీనికి జీతము పుచ్చుకొనుచున్నాను. నేను తప్పుచేసితినేని మీరు వచ్చి చెప్పుటకు ఫలానాచోట ఒక సంఘము కలదు, అది నన్ను పిలిచి అడుగును" అని చెప్పవలెనని నా కోరిక. ఆ సంఘముయొక్క చిరునామా చెప్పగలనేని, ఆయన చూపులో సందేహము తొలగునని నా నమ్మకము.

ఆ బల్లయొద్ద నిలిచి నాలుగు రోజులు గడువడిగిన ఆమెకు నేను జవాబు చెప్పుకొనలేను. ఆమె కాలము గడచిపోయినది. రేపు అట్టి బల్లయొద్ద మీలో ఒకరు కూర్చుండియుందురు. అట్టి తల్లి ఒకతె వచ్చి నిలువబడును. వెనుక డెబ్బదిమంది వేచియుందురు. ఆ వేళ కాగితమును ప్రక్కకు పెట్టి, "కూర్చోండమ్మా, ఏమైనదో చెప్పండి" అని అనుటకు మీకు ధైర్యము కావలెను. ఆ ధైర్యమును ఒంటరివానికి ఇయ్యగలది సంఘమొక్కటియే. అందుకే మనకు సంఘము కావలెను. పట్టిక వ్రాయుట నేడే ఆరంభింపుడని కోరుచు, మొదటి పేరుగా నా పేరును, దాని ప్రక్కన నా తప్పును వ్రాసికొనుడని ప్రార్థించుచు విరమించుచున్నాను.